చీమలు లేని బొమ్మ

ఆ ఏడాది విత్తనాలు వేసిన తర్వాత పరంధామయ్య తన చేనికి వెళ్ళే దారి మార్చాడు. ఇంటి నుంచి చేనికి నేరుగా బండిబాట ఉంది. ఆయన తాత తొక్కిన బాట, ఎద్దులు నిద్రపోతూ కూడా నడిచే బాట. దాన్ని వదిలేసి, చెరుకు మడుల వెనకగా పోయి, కంప దాటి, వంకలో దిగి, మళ్ళీ ఎగబాకి, పంచె నిండా పల్లేరుకాయలు తగిలించుకొని చేను చేరేవాడు. ఎవరైనా అడిగితే, "డాక్టరు నడవమన్నాడప్పా, చక్కెర ఉండాదంట" అనేవాడు. ఆయన ఒంట్లో చక్కెర లేదు. బండిబాట పక్కన దేవకమ్మ చేను ఉంది. అదీ సంగతి.

దేవకమ్మ ఆయన పెదనాయన కొడుకు భార్య, వరసకు వదిన. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. పాకాల నుంచి దామలచెరువు పోయే రోడ్డుకు లోపలగా ఉన్న మా ఊళ్ళో ఆమెకు ఒక చిన్న మిద్దె, రెండెకరాల మెట్ట చేను ఉన్నాయి. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే తమ్ముడు, "ఈ ఏడన్నా చేను సరిగా రాకపోతే కౌలుకిచ్చేసి నా ఇంటికొచ్చెయ్ అక్కా" అని గట్టిగా చెప్పి పోయాడు. మంచివాడే. అతని ఇంట్లో అన్నానికి లోటుండదు. కానీ తెల్లారి లేచి, ఇది నాది అని వెళ్ళి చూసుకోవడానికి గూడూరులో ఆమెకు మూరెడు నేల ఉండదు. అందుకని ఆ ఏడు ఆ చేను మొలిచి తీరాలి.

మొలవలేదు. గెనిమ గట్టుకు ఇవతల పరంధామయ్య వేసిన వేరుశనగ, మా చెనిక్కాయ, చిలకల గుంపు వాలినట్టు పచ్చగా ఉంది. అవతల ఎర్రమట్టి. అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్క, ముసలివాడి నోట్లో పళ్ళలాగా.

దానికి కారణం ఒక టీవీ. టీవీకీ చేనుకూ ఏమి సంబంధమని మీరు అడగకముందే చెప్పేస్తాను.

పరంధామయ్య ఇంటి వసారాలో ఉన్నది పాతకాలపు టీవీ. చెక్క పెట్టె, ముందర రెండు తలుపులు, పక్కన టకటకమని తిరిగే మీట, తెలుపూ నలుపూ బొమ్మ. మిద్దె మీద వెదురు గడకు కట్టిన ఏరియల్. కాకి వాలితే బొమ్మ వంగేది, కాకి ఎగిరితే బొమ్మ కూడా దానితోపాటు ఎగిరిపోయేది. మామూలు రోజుల్లో తెర నిండా చీమలు పారుతున్నట్టు ఉండేది. ఆ చీమల వెనకున్నది ఆడో మగో గొంతును బట్టి పోల్చుకోవాలి. వార్తలు చదివే ఆమె పక్కన ఎప్పుడూ ఆమెలాంటిదే ఒక నీడ కనిపించేది. "ఆయమ్మ చెల్లెలు. అక్క ఒక్కతే అంత దూరం పోతే బాగుండదని తోడు పంపిస్తారు" అని పరంధామయ్య చెప్పేవాడు. సగం ఊరు నవ్వేది, సగం ఊరు నమ్మేది.

ఊళ్ళో చిన్నబ్బ కేబుల్ తీగ లాగి, నెలనెలా దుడ్డు వసూలు చేసేవాడు. పరంధామయ్య ఇంటి ముందు ఆగి, "ఏం మామా, తీగ వేసేదా?" అంటే, ఈయన ఆకాశం వైపు చూపించి, "దేవుడు గాల్లో పంపించేదాన్ని నీ చేతిమీదుగా యాల తీసుకోవాలబ్బా?" అనేవాడు.

విత్తనాల కాలం దగ్గర పడితే సాయంత్రం పూట ఆడవాళ్ళు చేటలు పట్టుకొని ఆ ఇంటి వసారాలోకి చేరేవాళ్ళు. ఈ రోజు నీ ఇంటి కాయలు, రేపు నా ఇంటి కాయలు అని వంతు వేసుకొని, అందరూ కలిసి ఒలుస్తారు. విత్తనం కాయ ఒలవడం తినే కాయ ఒలిచినట్టు కాదు. గింజ మీది ఎర్రపొర గీసుకుపోకూడదు, పప్పు రెండు బద్దలు కాకూడదు. అలా అయినది మట్టిలో కుళ్ళుతుంది గానీ మొలవదు. అందుకే చెవులు టీవీ మీదా, కళ్ళు గింజ మీదా పెట్టి ఒలిచేవాళ్ళు. తెర మీద ఉన్నవి చీమలే కాబట్టి తలెత్తి చూడవలసిన పని ఎవరికీ ఉండేది కాదు. ఆ ఏడు మొదటి వంతు పరంధామయ్యది. ఆయన విత్తనాలు అలా, చెవులతో సినిమాలు వింటూ ఒలిచినవి.

అవి పూర్తయిన వారంలో ఆయన ఏదో పని మీద తిరుపతి వెళ్ళాడు. గాంధీ రోడ్డులో ఒక కొట్టు ముందు బాణలి లాంటి డిష్ ఒకటి నిలబెట్టి ఉంది, లోపల దానికి తగిలించే చిన్న డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒకసారి కొనుక్కుంటే చాలు, సర్కారు పంపే చానళ్ళు ఆకాశం నుంచి నేరుగా దిగుతాయి, నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు అని కొట్టువాడు చెప్పాడు. పరంధామయ్య అక్కడే చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"మీ టీవీకి ఎర్రది, తెల్లది, పసుపుది, మూడు తీగలు గుచ్చే బెజ్జాలు ఉండాయా?" అని కొట్టువాడు అడిగాడు.

"ఏరియల్ తీగ పోయే బెజ్జం ఒకటే ఉండాదబ్బా. నా టీవీకి దేవుడు పెట్టింది అదొక్కటే."

"అయితే కొత్త టీవీ కొనుక్కో పెద్దాయనా."

"పాత ఎద్దుకు సరిపోయే కాడి అడుగుతా ఉంటే కొత్త ఎద్దును కొనమంటావే! ఆ డబ్బాలన్నీ ఇట్లా తిప్పు, వీపులు సూస్తా."

కొట్టులో ఉన్న డబ్బాలన్నిటి వీపులూ చూశాడు. చివరికి ఒకదాని వెనక ఏరియల్ తీగకు సరిపోయే బెజ్జం కనబడింది. ఆ డబ్బా నుంచి టీవీకి ఒక తీగ కలిపి, టీవీ మీటను మూడో నంబరు మీద పెడితే చాలు, ఎంత పాతదైనా పలుకుతుందని కొట్టువాడు ఒప్పుకున్నాడు. బస్సులో ఆ బాణలిని ఒడిలో పెట్టుకొని వస్తుంటే పక్కవాడు, "ఏంది తాతా, జిలేబీల అంగడి పెడతావా?" అన్నాడు. "కాదప్పా, చందమామకు పాలు తగ్గినాయంట. పోసి రమ్మన్నారు" అన్నాడు పరంధామయ్య.

మర్నాడు మిద్దె ఎక్కి, కొట్టువాడు చెప్పినట్టు బాణలిని ఆగ్నేయం వైపు తిప్పి, ముఖం బాగా పైకెత్తి పెట్టాడు. లోపల టీవీ ముందర భార్య నాగరత్నమ్మ, వాకిట్లో దేవకమ్మ, పైన ఆయన. మాట ఒకరి నుంచి ఒకరికి అందాలి.

"వచ్చిందా?"

"వచ్చిందా అంటాండాడు!"

"రాలా! చీమలే!"

"చీమలంట పరంధామా!"

"ఇప్పుడో?"

"ఏమీ లేదు. చీమలు కూడా పోయినాయి."

"చీమలు సచ్చినాయంట!"

"రవ్వంత పక్కకు తిప్పినా. ఇప్పుడు?"

లోపలి నుంచి పాట మొదలైంది. దేవకమ్మ గడపలోంచి తొంగిచూసి, అక్కడే నోటి మీద చెయ్యి పెట్టుకొని నిలబడిపోయింది. తెర మీద ఒక చీమ లేదు. పాట పాడుతున్న ఆమె ముక్కుపుడకలో రాళ్ళు వేరువేరుగా కనిపిస్తున్నాయి. అదే టీవీ, అదే తెలుపూ నలుపూ, కానీ కడిగి ఆరేసినట్టుంది.

"దిగిరా నాయనా" అని అరిచింది దేవకమ్మ. "నీ బాణలి బొమ్మను వేయించి పెట్టింది!"

ఆ రోజు నుంచి వసారా చాలలేదు. కేబుల్ ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. చిన్నబ్బ కూడా వచ్చి గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కున్నాడు. పరంధామయ్య ఆ డబ్బా పక్కనే కుర్చీ వేసుకొని కూర్చునేవాడు, పెళ్ళికొడుకు పక్కన మేనమామ కూర్చున్నట్టు. ఇంకొక్క బెత్తెడు తిప్పితే సింగపూరు వస్తుందనీ, రెండు బెత్తెలు తిప్పితే ఇంద్రసభ వస్తుందనీ, అయితే అక్కడ వేసుకున్న గుడ్డలు సరిగా ఉండవు కాబట్టి ఆడవాళ్ళున్నప్పుడు తిప్పననీ చెప్పేవాడు.

దేవకమ్మ కాయల వంతు అప్పుడు వచ్చింది.

మొదటి సాయంత్రం సగం చేట కూడా తేలలేదు. చేతిలో కాయ చేతిలోనే ఉండేది, కళ్ళు తెర మీద ఉండేవి. ఒలిచిన కాసిన్నిట్లో కూడా చాలా పప్పులు బద్దలయ్యాయి. దేవకమ్మ చేట ఎగరేసి చూసుకొని, మెల్లగా అంది.

"మోడం కమ్ముకొస్తాండాది పరంధామా. నా కాయలు నేను ఇంటికాడ ఒలుచుకుంటాలే. ఈ జ్ఞానాంబా, మిగతావాళ్ళూ ఆడికే వస్తామన్నారు."

ఆమె మామూలుగానే అంది. ఆయనకు మాత్రం, తాను ఆకాశం నుంచి దించిన బొమ్మను కాదని జనమంతా లేచి ఆ ఇంటికి పోతున్నట్టు వినిపించింది.

"నా టీవీ ముందర పని జరగదంటావా వదినా? మూట ఈడనే పెట్టి పో. రేపు సాయంత్రానికి తేల్చకపోతే నన్ను పేరు పెట్టి పిలవబాకండి."

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆయన దేవకమ్మ కాయలను నేల మీద పరిచి, చెంబుతో నీళ్ళు చల్లి, తడిగోనె కప్పాడు. చెక్కు మెత్తబడితే, చూడకుండా వేళ్ళతో నొక్కినా ఊడి వస్తుంది. తినే కాయలకైతే ఎవరైనా చేస్తారు. విత్తనం కాయలకు చేయకూడదని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

నాగరత్నమ్మ పెరట్లోంచి వస్తూ చూసింది. "ఇత్తనాలకు తడి తగలకూడదని నీకు నేను సెప్పాల్నా?"

"ఎండబెడతాలే. నోరు మూసుకో."

ఆ సాయంత్రం చేతులు తమంతట తాము ఆడాయి. సినిమా సగం కాకముందే కాయలన్నీ అయిపోయాయి. "కాయ ఇంత మెత్తగా ఉండాదేందే!" అని జ్ఞానాంబ ఆశ్చర్యపోతే, పరంధామయ్య కాలు మీద కాలు వేసుకొని, "ఆ డబ్బాలోంచి వచ్చే వెలుతురమ్మా. అది తగిలితే ఇనుము కూడా మెత్తబడతాది" అన్నాడు. అందరికంటే ఎక్కువగా నవ్వింది దేవకమ్మే. "నువ్వు సల్లగా ఉండు నాయనా. నా పని గట్టెక్కించినావు" అంది.

మర్నాడు ఎండ రాలేదు. తానే మోసుకొచ్చి ఇస్తానని ఉంచుకున్న గింజలను కాసేపు వాకిట్లో పరిచాడు. ఇంతలో బొమ్మ ఆగిపోయిందని నాగరత్నమ్మ పిలిస్తే మిద్దె ఎక్కి బాణలి సర్దుతూ ఉండిపోయాడు. చినుకులు మొదలైతే దిగివచ్చి, గింజలను అలాగే గోనెలోకి ఎత్తి, మూతి కుట్టి, భుజాన వేసుకొని వదిన ఇంట్లో దించి వచ్చాడు. ఆమె ఆ మూటను విత్తే రోజుదాకా విప్పలేదు. విత్తే రోజు పరంధామయ్యే మడక దున్నాడు. ఆమె వెనకాల సాల్లో ఒక్కొక్క గింజా వేసుకుంటూ నడిచింది. గోనె విప్పగానే ముక్కుకు తగిలిన ముక్కవాసన ఎక్కడిదో ఆయనకు తెలుసు. ఎద్దులను అదిలించాడు.

చేను మొలవకపోయాక వచ్చిన ప్రతివాడూ గెనిమ మీద నిలబడి ఒక మాట అనిపోయాడు. "అత్తా, ఇత్తనాలు ఏసినావా, ఉప్పు ఏసినావా?" అన్నాడు చిన్నబ్బ. దేవకమ్మ మట్టిని కాలితో సర్దుతూ, "నా చెయ్యి అట్లాంటిది లేరా. గాదెలో పోసేటప్పుడే సరిగా సూసుకున్నట్టు లేను" అనేది. అందరి దగ్గరా అదే మాట. గాదె అలకడంలో తప్పు, వేపాకు తక్కువ వేయడంలో తప్పు. తప్పు వెతుక్కుంటూ ఆమె తన ఇల్లంతా తిరిగింది. బయటికి మాత్రం రాలేదు.

ఒక సాయంత్రం వసారాలో అందరి ముందూ అడిగింది. "నువ్వు సెప్పు పరంధామా, నీ గింజ మొలిచి నా గింజ యాల మొలవలేదు?"

ఆయన నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "కౌజు పిట్టలు వదినా. మా నాయన కాలంలో ఒక గుంపు ఉండేది. గింజ తిని, మళ్ళీ మట్టి కప్పి, కాళ్ళతో సదును చేసి, రైతు వస్తాండాడేమో అని సూసి మరీ పోయేవి. ఒకటైతే గెనిమ మీద కాపలా ఉండేది, తలకు గుడ్డ కట్టుకొని."

వసారా అంతా పగలబడి నవ్వింది. దేవకమ్మ కూడా నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకొని, టీవీ వైపు తిరిగింది. ఆమె ఒత్తుకున్నది నవ్వితే వచ్చిన నీళ్ళు కావని పరంధామయ్యకు కనబడింది. తెర మీద బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో, అదీ అంతే స్పష్టంగా ఉంది. ఆయన లేచి దొడ్లోకి పోయి, ఎద్దుల దగ్గర ఊరికే నిలబడ్డాడు. మర్నాటి నుంచే చెరుకు మడుల దారి పట్టాడు.

ఎంత తిరిగి పోయినా చేలు రెండూ పక్కపక్కనే కదా. ఒక పొద్దున వంకలోంచి ఎక్కి వస్తుంటే దేవకమ్మ తన చేలో గొంతుకూర్చొని వేలితో మట్టి కెలుకుతోంది.

"ఈ దారిన వస్తాండావేంది? ఒళ్ళంతా పల్లేరుకాయలు" అంది. "ఇట్లా రా. ఇది సూడు."

అరచేతిలో రెండు గింజలు ఉన్నాయి. పొర జారిపోయి, లోపల నల్లగా బూజు పట్టినవి.

"తడి తగిలిన ఇత్తనం మాదిరి లేదూ?"

పరంధామయ్య గింజల్ని చూడలేదు. ఆమె గోళ్ళలోని ఎర్రమట్టిని చూస్తూ, "వానకు తడిసిండొచ్చు వదినా" అన్నాడు.

"అయ్యుంటాది. నా మిద్దె కురిసిందేమో. మూట యాడ పెట్టినానో కూడా సూసుకోలేదు." గింజలు కింద పడేసి చెయ్యి దులుపుకుంది. "ఇంక నా చేతిలో ఇత్తనం నిలవదు అబ్బా. తమ్ముడు ఆదివారం వస్తాడు. పోతా. చేను నువ్వే కౌలుకు చేసుకో. వేరేవాళ్ళకు ఇయ్యను. నువ్వైతే ఇంత సాయం చేసినావు."

ఆయన వెనక్కి తిరిగి బండిబాట మీదుగానే ఇంటికి వచ్చేశాడు. భుజం మీది తువ్వాలు దారిలో ఎక్కడో పడిపోయింది.

నాగరత్నమ్మ అప్పటికే విన్నట్టుంది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "చేను మనకేనంట గదా. నీ డబ్బా నెలనెలా ఏమీ అడగదన్నావు. ఇచ్చింది సూడు, రెండెకరాలు."

ఆయన ముద్ద కంచంలోనే వదిలి లేచాడు. అటక మీద నూనె ఆడించడానికి ఉంచుకున్న కాయల మూట ఉంది. మంచి కాయ, తడి ఎరగనిది. దాన్ని దించి వసారాలోకి ఈడ్చాడు. టీవీ తలుపులు రెండూ మూసి, వాటికి వీపు ఆనించి కూర్చొని, చేట ముందర పెట్టుకొని ఒలవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు. జ్ఞానాంబ గడపలోనే ఆగింది.

"ఏం మామా, కరెంటు లేదా?"

"ఉండాది."

"మరి తలుపులు మూసినావే? వంట ఇడిసిపెట్టి వచ్చినాము. కతలు చాలించి తియ్యి."

"కత కాదమ్మా" అన్నాడు. అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు. ఆయన నోరు తెరిస్తే అదే అలవాటు. వాళ్ళ వెనకాల, మెట్టు మీద, దేవకమ్మ వచ్చి నిలబడింది. ఆయన ఆమెను చూశాడు, చూసి కూడా ఆపలేదు. "వదిన గింజలు మొలవకపోయింది ఆయమ్మ చేతి వల్ల కాదు. గాదె వల్ల కాదు. కాయలకు నీళ్ళు సల్లింది నేను. ఎండబెట్టకుండా మూట కట్టింది నేను."

ఒకామె ఇది కూడా కతేమో అనుకొని సగం నవ్వి ఆగిపోయింది.

దేవకమ్మ మెట్టు దిగలేదు, ఎక్కలేదు. "తెలిసే సల్లినావా?"

"తెలిసే."

"యాల?"

ఆయన చేటలోని పొట్టును వేళ్ళతో పక్కకు తోశాడు. ఎన్నో కౌజు పిట్టలనూ ఇంద్రసభలనూ పుట్టించిన నోటికి దొరికింది ఈ ఒక్క ముక్కే. "మీరందరూ లేసి నీ ఇంటికి పోతారని" అన్నాడు. "నా డబ్బా ముందర ఎవురూ ఉండరని."

"నా చేతిని నేను తిట్టుకుంటా ఉంటే, ఇన్నాళ్ళూ ఇనుకుంటా కూర్చున్నావు."

జ్ఞానాంబ చేటను కొంగు కింద దాచుకొని నేల చూస్తూ నిలబడింది. మెత్తని కాయను చూసి మురిసిపోయిన చేతులు వాళ్ళవి కూడా కదా.

దేవకమ్మ లోపలికి వచ్చి వంగి, మూటలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది. గలగలమంది. "కాయ మంచిదే" అంది, ఎవరితోనో అన్నట్టు.

"అదును ఇంకా దాటలేదు వదినా. రేపటికంతా నేనే ఒలిచి పెడతా. ఒక్క గింజ కూడా..."

"వద్దు. కాయలుగానే ఇయ్యి. ఒలిచేది నేను ఒలుచుకుంటా."

ఆయన ఒలిచిన గింజలను ఆమె ముట్టుకోలేదు. అవి చేటలోనే ఉండిపోయాయి. మూట భుజాన వేసుకొని ఆమె వెనకాల వీధిలో నడిచాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు పలకరించబోయి, ముందు ఆమె ముఖం, వెనక ఈయన ముఖం చూసి మాట మింగేశారు. చిన్నబ్బ కూడా ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండునని పరంధామయ్యకు అనిపించింది.

ఆమె ఇంటి వాకిట్లో మూట దించాడు.

"తమ్ముడికి ఫోను చేసి, ఆదివారం రావొద్దని సెప్పు" అంది. "రేపు పొద్దున మడక పంపించు."

"నేనే తోలుకొస్తా వదినా."

"మడక పంపించు. జీతగాణ్ణి ఎవుణ్ణన్నా పంపించు. నువ్వు రాబాకు."

పరంధామయ్య తల ఊపాడు. ఆమె చూడలేదు. అప్పటికే గడప మీద కూర్చొని మూట మూతి విప్పుతోంది.